పెదవులు కలవని పిలుపు

గాజు మీద గీత పడుతున్న చప్పుడు.

సన్నగా, పొడుగ్గా, ఎక్కడా తెగకుండా... పళ్లు జివ్వుమనిపించే చప్పుడు. కొత్తవాళ్లయితే చెవులు మూసుకుంటారు.

ఆ పిల్ల మూసుకోలేదు.

అనాథ పిల్లల ఇంటి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున, ఇంటికి ముందు గదిగా ఉన్న అద్దాల కొట్టు గుమ్మంలో నిలబడి ఆ చప్పుడంతా విన్నది. కిరసనాయిలు వాసన. గాజు పలకల మధ్య పెట్టిన పాత పేపర్ల వాసన. బల్ల మీద వంగిన మనిషి గీత పూర్తిచేసి, పలకని అంచుకి జరిపి, ఒక్క నొక్కు నొక్కారు.

టప్.

చెప్పిన మాట విన్నట్టు అద్దం రెండయింది.

అప్పుడు తలెత్తి చూశారు. "లేచావా తల్లీ? చెప్పులేసుకుని రా. ఇక్కడ అన్నీ పెంకులే."

తల్లీ అన్నారు.

మన భాషలో ఇదో చిత్రం. తండ్రి కూతుర్ని అమ్మా అంటాడు, తల్లీ అంటాడు. కన్నతల్లినే మళ్లీ ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్టు అంటాడు. అటు నుంచి ఊఁ అంటే సరిపోదు. అటు నుంచీ ఒక మాట రావాలి... నాన్నా అని.

రాలేదు.

ఆ రోజు రాలేదు. ఆ ఏడు రాలేదు.

అమ్మ అనే మాట మాత్రం తేలిగ్గానే వచ్చింది. ఒకసారి జ్వరం వస్తే, అద్దాలాయన భార్య నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ పక్కనే కూర్చుంది. మగతలో "అమ్మా" అంది పిల్ల. అంతే, అయిపోయింది. ఆ మాటకి అంతకు ముందు ఎవరూ లేరు. ఖాళీగా ఉన్న చోట ఆవిడ కూర్చుంది.

నాన్న అనే మాట అలా కాదు.

దానికి మనిషి ఉన్నాడు.

ఆ అనాథ పిల్లల ఇంటి గేటు పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టి, "కదలకు, ఇప్పుడే వస్తా" అని వెళ్లిన మనిషి. మొహం గుర్తు లేదు. చొక్కా రంగు గుర్తు లేదు. "నాన్నా, తొందరగా రా" అని తను అన్నది ఒక్కటే గుర్తుంది. ఆ మాట ఆయన వెంటే పోయింది. ఆయన వస్తే గానీ అది తిరిగి రాదనుకుంది. పిచ్చి తల్లి. పిల్లలు అలాగే అనుకుంటారు మరి... పెద్దయ్యాక కూడా.

అద్దాలాయన ఇంట్లో ఆమె చాలాకాలం చుట్టంలాగే ఉంది.

అందరికంటే ముందు లేచి ఊడ్చేది. పళ్లెంలో తక్కువ పెట్టుకునేది. అరటిపండు కళ్లెదుటే ఉన్నా, "తీసుకోవచ్చా?" అని అడిగేది.

అమ్మకి ఒళ్లు మండేది. "ఏమే, అడిగి తినడానికి నువ్వేమైనా పనికి కుదిరావా? తీసుకుని తిను. తొక్క కింద పడేస్తే అప్పుడు తిడతాను."

కొట్టుకి వచ్చినవాళ్లు ఊరుకుంటారా. "పెంచుకున్న పిల్లేనా?" అని కూపీ లాగేవారు, ఆ పిల్ల వింటూండగానే. ఆయన గాజు కోసే కట్టరు ఆపేవారు కాదు. "కన్నవాళ్లకి ఎవరు పుడితే వాళ్లేనండీ. నేను చూసుకుని, కావాలనుకుని, వెళ్లి తెచ్చుకున్నాను" అనేవారు. అని, కొలత అడిగేవారు.

ఆమె పేపర్లు మడతపెడుతూ వినేది.

కావాలనుకుని.

ఆ మాటని రోజంతా నోట్లో చప్పరించేది. అయినా పిలుపు మాత్రం రాలేదు. పిలవాలని లేక కాదు... పిలవాలని ప్రాణం కొట్టుకునేది. గొంతు దాకా వచ్చి, ఆ బెంచీ దగ్గర ఆగిపోయేది.

పిలవకుండా పని జరుగుతుందా? భోజనానికి రమ్మనాలి, ఎవరో వచ్చారని చెప్పాలి. ఒకసారి తెగించి, గుమ్మంలోంచి, "ఏమండీ, అన్నానికి రండి" అంది.

వంటింట్లో అమ్మ గరిటె పట్టుకుని పడీపడీ నవ్వింది. "ఆ పిలుపు నాదే తల్లీ. అది కూడా నువ్వు లాగేసుకుంటే నేనేమని పిలవను ఈయన్ని?"

ఆయనా నవ్వారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

ఆ తర్వాత పిలుపే లేదు. తలుపు గొళ్లెం కదిపేది. చిన్న చప్పుడు... ఆయన వెంటనే వెనక్కి తిరిగేవారు. "ఏం తల్లీ?" అనేవారు, నోరారా పిలిపించుకున్నంత హాయిగా.

ఒక్కసారి కూడా కసురుకోలేదు.

ఆదివారాలు ముగ్గురూ చర్చికి వెళ్లేవారు. ఒక ఆదివారం పాస్టరుగారు దత్తత గురించి చెప్పారు. దేవుడు మనల్ని భయపడే పనివాళ్లుగా పెట్టుకోలేదు, పిల్లలుగా తెచ్చుకున్నాడు, అందుకే "అబ్బా, తండ్రీ" అని ఆయనకి మొరపెడతాం అన్నారు.

పిల్ల నిటారుగా కూర్చుంది.

అబ్బా ఆమెకి బాగా తెలుసు. కొట్టులో రోజూ వినేదే. పెంకు వేలిలో దిగితే ఎవరైనా అనేది అదే... అబ్బా.

ఓహో, అనుకుంది. తండ్రీ అనేముందు నొప్పి పుడుతుందన్న మాట. అందరికీ పుడుతుందన్న మాట. నాకొక్కదానికే కాదు.

ఎంత నెమ్మదించిందో ఆ మనసు.

తండ్రీ అనడం ఆమెకి ఎప్పుడూ కష్టం కాలేదు. అది ప్రార్థనలో మాట. ఇంట్లో ఎవరూ తండ్రీ అని పిలుచుకోరు కదా. కళ్లు మూసుకుని ఎన్నిసార్లయినా అనేది. కళ్లు తెరిస్తే ఎదురుగా కనిపించే మనిషికే మాట కరువు.

ఇంటికి నడుస్తూ అమ్మతో ఈ సంగతి చెప్పింది. అమ్మ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. ఆయన నవ్వలేదు.

"అది మన అబ్బా కాదు తల్లీ. ప్రభువు మాట్లాడిన భాషలో... నాన్న అని అర్థమట."

అని, కాస్త నెమ్మదిగా నడిచారు.

ఇంకాస్త నెమ్మదిగా.

ఆమె వంగి చెప్పు సరిచేసుకుంది. చెప్పు బాగానే ఉంది.

ఏళ్లు గడిచాయి. ఆమె బల్లకి అటువైపు నిలబడింది. కట్టరు పట్టింది. గీసిన గీత మీద మళ్లీ గీయకూడదని నేర్చుకుంది. అంచులు అరగదీసే మిషను మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. ఆ మిషను రోదకి పక్కింటి గోడలు అదిరేవి.

ఆ రోదే ఆయన చెవులు తినేసింది.

ముందు సన్నని చప్పుళ్లు పోయాయి. గొళ్లెం కదిపితే తిరగలేదు. ఆమె మళ్లీ కదిపింది... మళ్లీ కదిపింది. చేతిలో గొళ్లెం అలాగే ఉండిపోయింది.

చెవి డాక్టరు, మిగిలింది కూడా ఉంటుందన్న నమ్మకం లేదన్నాడు. చెవి మిషను పెడితే గోల తప్ప మాట తెలియడం లేదని ఆయన తీసేశారు. "పోనీలే, మీ అమ్మ సణుగుడు తప్పింది" అని నవ్వారు. పెదవులు చూసి మాట పోల్చుకోవడం మొదలుపెట్టారు. "తల్లీ, నా వైపు తిరిగి చెప్పు" అనేవారు.

అప్పుడు పుట్టింది భయం.

ఇన్నాళ్లూ మాట తన దగ్గరే ఉంది కదా, ఎప్పుడైనా ఇవ్వొచ్చు అనుకుంది. అందుకునే చెవి ఉండదని అనుకోలేదు.

"ఆయన ఎప్పుడైనా... అడిగారా అమ్మా?" అంది వంటింట్లో.

"అడగరు. అడిగితే మొహమాటానికి అంటావని ఆయన భయం." అమ్మ పొయ్యి తగ్గించింది. "నాకు మాత్రం చెప్పుకున్నారు. చెవులు పోయేలోపు ఒక్కసారి వినపడితే బాగుండునే అన్నారు."

ఆమె గోడకి ఆనుకుని ఏడ్చింది. అమ్మ ఓదార్చలేదు, పక్కన నిలబడింది.

"కాగితం మీద రాసి చూపించు, పోనీ."

"రాస్తే పిలిచినట్టు అవుతుందా అమ్మా?"

అమ్మ పొయ్యి కట్టేసింది.

మధ్యాహ్నం కొట్టులో ఎవరూ లేనప్పుడు, ఎవరో చేయించుకున్న నిలువుటద్దం ముందు నిలబడింది.

అమ్మా, అంది. పెదవులు కలిశాయి, విడిపోయాయి. ఎంత చెవిటివాళ్లకైనా కనిపిస్తుంది.

అబ్బా, అంది. అదీ అచ్చం అమ్మాలాగే ఉంది.

నాన్నా, అంది.

ఏమీ లేదు. నాలుక ఎక్కడో లోపల, పళ్ల వెనక తగిలింది. బయటికి తెలిసింది తెరిచిన నోరు, అంతే. ఆవలింతకీ దానికీ తేడా లేదు.

మళ్లీ అంది. మళ్లీ. మెల్లగా, గట్టిగా, పెదవులు సాగదీసి. అద్దం నిండా నోరు తెరిచిన ఆడమనిషి...

ఇన్నేళ్లు దాచిదాచి, చివరికి కంటికి కనిపించని మాటని దాచిపెట్టుకున్నాను అనుకుంది.

కానీ మాట వచ్చింది. అద్దం ముందే అయినా వచ్చింది. ఎవరి వెంటో పోయిందనుకున్నది తన గొంతులోనే ఉంది. ఆ బెంచీ అడ్డు రాలేదు.

ఇక ఆగలేకపోయింది.

ఆయన కిటికీ పక్క బల్ల దగ్గర, వీపు ఇటు పెట్టి, పలక తుడుస్తున్నారు. "నాన్నా" అంది వెనక నుంచి. ఆయన తుడుస్తూనే ఉన్నారు. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ అలా వేసింది లేదు.

తిరిగారు. "ఏం తల్లీ?"

"నాన్నా."

ఆయన కళ్లు ఆమె పెదవుల మీద నిలిచాయి. నుదురు ముడిపడింది.

"ఆఁ?"

"నాన్నా... నాన్నా."

తెరిచిన నోరు చూశారు. చెంపల మీద నీళ్లు చూశారు. మొహం పాలిపోయింది ఆయనకి.

"అయ్యో, గుచ్చుకుందా?"

తల అడ్డంగా ఊపింది. ఆయన చూడలేదు. అప్పటికే ఆమె చేతులు పట్టుకుని కిటికీ వెలుతురులోకి లాగారు. గాజు నలుసు ఊరికే చూస్తే కనిపించదు. చేతిని ఏటవాలుగా తిప్పితే తళుక్కుమంటుంది. అలా తిప్పుతున్నారు, అరచేతిని, ఒక్కొక్క వేలిని... తన బొటనవేలితో మెల్లగా తడుముతూ.

"ఎక్కడ తల్లీ? చెప్పు, ఎక్కడ?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తీసుకుని, సైగలు చేసి, ఏదోలా తెలియజెప్పవచ్చు. ఆ క్షణంలో ఆ చేతుల్లోంచి రాబుద్ధి కాలేదు.

"నాన్నా" అంది. ఇప్పుడది ఆగడం లేదు.

"ఏడవకు. తీసేస్తాను కదా. ఎంత లోపలున్నా తీసేస్తాను."

"నాన్నా."

ఆ చేతిలో ఏమీ దొరకలేదు. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని, రెండో చెయ్యి అందుకుని, చిటికెన వేలి దగ్గర నుంచి వెతకడం మొదలుపెట్టారు.