బస్సులో గట్క పోస్టర్

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై ఆరేళ్లకు అక్షరాలు దిద్దాను. ఈ కాగితం నింపడానికే మూడు శుక్రవారాలు పట్టింది.

నాకు చదువు చెప్పింది మా పక్క రూమ్ శ్రీవాణి. నేను ఇక్కడ మస్కట్‌లో ఇంటి పనికి రోజూ మబేలా నుంచి ఘుబ్రాకు బస్సులో వెళ్తాను. సైట్లలో పనిచేసే మనవాళ్లు డ్యూటీ నుంచి అలసి వచ్చి, వండుకునే ఓపిక లేక బన్ను తిని పడుకుంటారని శ్రీవాణి బాధ. అందుకే మక్కరవ్వ, అంటే మొక్కజొన్న రవ్వ, పాకెట్లు కట్టి అమ్మడం మొదలుపెట్టింది. నీళ్లు కాగాక రవ్వ పోసి పది నిమిషాలు ఉడికిస్తే గట్క తయారు. వాటిని తన దుకాణంలో పెట్టుకున్న తబ్రేజ్ మాత్రం నెల గడువే ఇచ్చాడు. అప్పటికీ అమ్ముడుపోకపోతే పాకెట్లన్నీ వెనక్కి తీసుకోవాలి.

ఆమె బెదరలేదు. మా బస్సులో ఒక పోస్టర్ పెట్టించింది. పొగలొచ్చే గట్క బొమ్మ, పైన తెలుగు, కింద అరబ్బీ. బస్సులో తెలుగు చూడటం నాకదే మొదలు.

రెండు వారాలైనా ఒక్క పాకెట్ కదల్లేదు. ఒకరోజు శ్రీవాణి నాతో బస్సెక్కింది. వెనక్కి తిరిగి చూసి నెత్తి కొట్టుకుంది.

"గిదేం పని జేసిన్నే అవ్వా! నేను గూసునే కాడ మంచిగ కనవడ్తదని ఈడ పెట్టిచ్చిన. గట్క తినేటోళ్లంత ఎనుకనే ఉండె!"

ఇక్కడ ముందు సీట్లు ఆడవాళ్లవి. మగవాళ్లు వెనక కూర్చుంటారు. రోజూ ఎక్కే నాకూ అది తట్టలేదు. నెల నిండేదాకా పోస్టర్ చోటు మార్చరట.

శ్రీవాణి నా వైపు తిరిగింది.

"నువ్వెట్లాగు పైకే చదువుతవు గద. జర గట్టిగ చదువు."

"సిగ్గయితది బిడ్డా."

"గురుదక్షిణ అనుకోరాదే!"

చదివాను. "మ...క్క... గట్క. ప...ది... నిమి...షాలు."

వెనక నుంచి తాపీ పని పోచన్న అరిచాడు. "ఓ అవ్వా, నువ్వు చదివేలోపల గట్క ఉడుకుతది! ఏడ దొర్కుతదో అది చెప్పు!"

బస్సంతా నవ్వింది.

"తబ్రేజ్ దుకాణంల! చదువనిస్తె గదే చెప్తుంటి!" అన్నాను.

ఆనాటి నుంచి రోజూ చదివాను. నెల నిండకముందే తబ్రేజ్ తనే ఫోన్ చేసి ఇంకో రెండు పెట్టెలు అడిగాడు. తప్పు కనబడ్డాక కూలబడకుండా, చేతిలో ఉన్నదానితోనే దారి తీసిన ఆ పిల్లను తలచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

కొత్త సరుకు కోసం వేయించిన రెండో పోస్టర్‌ను వెనక పెట్టించింది. దాన్ని పోచన్న అచ్చం నాలాగే సాగదీసి చదువుతాడు. "జొ...న్న... గట్క..."

నేను ముందు నుంచి అరుస్తాను. "జల్ది చదువురా, మాడిపాయె!"

చిన్నవ్వ, యాభై ఎనిమిదేళ్లు, మబేలా, మస్కట్.