పన్నెండు పడవలు

పద్మనాభయ్యగారు ఎందుకు ఓడిపోయారో తేల్చడానికి నెల్లూరు పార్టీ ఆఫీసులో సమావేశం పెట్టారు. రెండుసార్లు ఎమ్మెల్యే, అధిష్ఠానం ఏరికోరి టికెట్ ఇచ్చిన మనిషి, నాలుగు వందల ఓట్ల తేడాతో పోయారు. ఒకరు రెబల్ వల్ల అన్నారు, ఒకరు ఎండ వల్ల అన్నారు. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. కారణం ఆఖరి కుర్చీలో కూర్చునే ఉంది. నేనే.

మా పల్లెలో ఆరు వందల పది ఓట్లు. ఊరి పెద్దగా నేను సరే అంటేనే పడవ కదులుతుంది, ఓటూ పడుతుంది. ఇన్నేళ్ళూ గంపగుత్తగా ఆయనకే వేయించాను.

ప్రచారం ఆఖరి వారంలో ఆయన సముద్రంలో ఊరేగింపు కావాలన్నారు. ఒడ్డున ఉన్న పన్నెండు పడవలకూ జెండాలు కట్టి ఉంచాం. ఆ పొద్దున తొమ్మిదింటికి, మా ఊరి చిన్నబాబుతో చేపల వేటకు వెళ్ళినవాడు ఒక్కడే ఈదుకుంటూ వచ్చి ఒడ్డున పడ్డాడు. పడవ తిరగబడిందన్నాడు. సముద్రంలో మనిషి కనబడకపోతే ఊళ్ళో పడవలన్నీ వెతకడానికి పోవాలి. అది మా కట్టుబాటు. మావాళ్ళు అప్పుడే పడవలు నెట్టబోయారు.

"ఆగండ్రా. సారు దారిలో ఉండాడంట. గంటలో ముగించుకోని అందరం పోదాం. చిన్నబాబు ఈతొచ్చినోడే గదా," అన్నాను.

నా నోరు పడిపోయినా బాగుండేది. సారు రెండింటికి వచ్చారు. పూలు చల్లించుకుని, ఫొటోలు దిగి వెళ్ళేసరికి నాలుగయింది. అప్పుడు వెళ్ళాం. దొరకలేదు.

మూడో రోజు చిన్నబాబు శవమై ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. వల తేలడానికి కట్టే ప్లాస్టిక్ డబ్బా తాడు నడుముకు రెండు ముళ్ళు వేసి కట్టుకుని ఉన్నాడు. అంటే వెంటనే మునిగిపోలేదు. పడవలు వస్తాయని ఎదురు చూశాడు.

పోలింగు రోజు బూతులో పార్టీ ఏజెంటుగా కూర్చున్నాను. ఒక్కరూ నా మొహం చూడలేదు. చిన్నబాబు భార్య పిచ్చమ్మ వచ్చింది. జాబితాలో ఆమె పేరు వెతుకుతుంటే అడిగింది.

"ఆయన పేరు గూడా ఉందా మామా?"

"ఉందమ్మా."

"అయితే మీ సారుకు చెప్పు. ఆ పన్నెండు పడవలూ తీసుకోని పొయ్యి పిలుచుకోని రమ్మను. వచ్చి ఓటేస్తాడు."

ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడ్చే హక్కు నాకు లేదు.

సమావేశంలో పద్మనాభయ్యగారు నావైపు తిరిగారు. "మాల్యాద్రీ, మీ ఊళ్ళో మనకు సున్నా. నీ ఓటన్నా పడలేదేందయ్యా?" అని అడిగారు.

లేచి నిలబడి అంతా చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది.

"ఊరేగింపు రోజేనా! నాకెవరూ చెప్పలేదే. ఒక్క ఫోను చేసుంటే ఆపేసేవాణ్ణి గదయ్యా!"

అబద్ధమే కావచ్చు. నిజమే కావచ్చు. ఆ రోజు తొమ్మిది నుంచి రెండు దాకా ఫోను నా జేబులోనే ఉంది.