చేతులకు సెలవు

తగాదా మొదలై పన్నెండు రోజులైంది. ఇప్పుడది స్నానాలగది వెనక్కి మారింది. అక్కడ తడిక చాటున నిలబడి ఎల్లస్వామి, బిక్షమ్మ పొద్దున్నే పోట్లాడుకుంటున్నారు. ఒక్క మాట కూడా పైకి వినపడటం లేదు. ఎల్లస్వామికి పుట్టుచెవుడు, నోట మాట రాదు. ముప్పై ఐదేళ్ల కాపురంలో ఆ ఇద్దరి ముచ్చట్లూ, అలకలూ, పరాచికాలూ అన్నీ చేతులతోనే.

"నీ కొడుకే గద, చెప్పరాదు?" అన్నాయి ఎల్లస్వామి చేతులు.

"నీకు గాడా కొడుకు?" అన్నాయి బిక్షమ్మవి. అని వెంటనే కళ్లు మూసుకుంది. ఆ ఇంట్లో తగాదా గెలిచే పద్ధతి అదే. కళ్లు మూసుకున్నవాళ్లకి ఎదుటివాళ్లు ఇంకేమీ చెప్పలేరు. ఎల్లస్వామి ఆమె ముంజేయి తట్టాడు, రెప్పల మీద ఊదాడు. ఆమె తెరవలేదు. పక్కింటి మెర్సీ గోడ మీదుగా చూసి, ఈ వయసులో వీళ్లకి ఇదేం సరసమని తల తిప్పుకుంది.

సంగతి ఇదీ. కొడుకు నరేశ్ కూతురు స్వర్ణకి ఏడాదిన్నర. తాతలాగే ఆ పిల్లకీ పుట్టుకతోనే వినపడదు. ఇలాంటి చెవుడుకి కొత్తగా సూదిమందు వస్తోందనీ, అది పిల్లకి పనికొస్తుందో లేదో రక్తపరీక్షలో తేలుతుందనీ పట్నం దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. పిల్లదీ, తల్లిదండ్రులదీ రక్తం తీసుకుంది. తిరుగు రైల్లో ఎవరో పెద్దమనిషి, సైగలు అలవాటైతే రేపు చెవులొచ్చినా నోరు రాదని నరేశ్‌ని భయపెట్టాడు. ఆ సాయంత్రమే నరేశ్ ఇంట్లో చట్టం చేశాడు: పిల్ల ముందు ఎవరూ చేతులు ఆడించకూడదు. తండ్రి దగ్గర ముందు చేతులతో మాట్లాడటం నేర్చి, ఆనక నోటితోనూ గడగడా మాట్లాడిన నరేశే ఆ చట్టం చేశాడు.

అప్పటినుంచి ఎల్లస్వామి ఇంట్లో ఉన్నంతసేపూ చేతులు చంకల్లో దోపుకుని కూర్చుంటున్నాడు. స్వర్ణ వచ్చి వాటిని బయటికి లాగుతుంది, వేళ్లు విప్పుతుంది, ఆగిపోయిన బొమ్మను చూసినట్టు తిప్పి చూస్తుంది. ఆయన మళ్లీ దోపుకుంటాడు. ఇవాళ పొద్దున పిల్ల లాగలేదు. పక్క నుంచి నడిచి వెళ్లిపోయింది. అదే ఆయనకి గుచ్చుకుంది.

ఆలేరు పిండిగిర్నిలో ఆయనది ముప్పై ఏళ్ల పని. ఆ మోతకి అంతకుముందు ఏ పనివాడూ ఏడాది నిలవలేదు. ఈయనకి మోతతో నిమిత్తం లేదు. గిర్ని మీద అరచెయ్యి ఆనించి, రాయి అదురును బట్టి జొన్న మెత్తగా పడుతోందో బరకగా పడుతోందో చెప్తాడు. గిర్నికొచ్చే ఆడవాళ్లంతా ఆయన భాష నేర్చుకున్నారు. చిటికెన వేలు చూపిస్తే మెత్తగా, బొటనవేలైతే బరకగా. ఆ మోతలో నోటిమాట ఎవరికీ వినపడదు కనుక అక్కడ ఆయనంత మాటకారి లేడు. ఇంట్లో మిగిలిపోయిన మాటలన్నీ ఈ పన్నెండు రోజులుగా అక్కడే దులుపుతున్నాడు. రెండు కిలోల జొన్నలతో వచ్చిన సోమమ్మ, ఆయన మనవరాలి ముచ్చట్లన్నీ చూసేసరికి మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోయింది.

సాయంత్రం మీసాల నిండా పిండితో ఇల్లు చేరేసరికి నరేశ్, కోడలు రమ పట్నం నుంచి కాగితం తెచ్చి ఉన్నారు. రమ బిక్షమ్మకి తమ్ముడి కూతురు. బిక్షమ్మేమో ఎల్లస్వామికి సొంత అక్క కూతురు. అందుకని చెవుడు ఎవరి వైపు నుంచి వచ్చిందన్న వాదన ఆ ఇంట్లో ఎంత గట్టిగా లేచినా, చివరికి లేవదీసినవాళ్ల పుట్టింటి గడపకే చేరేది. కాగితంలోనూ అదే ఉంది. ఒకే లోపం తల్లి నుంచీ వచ్చింది, తండ్రి నుంచీ వచ్చింది.

నరేశ్ నోటితో చెప్తున్నాడు. బిక్షమ్మ ముక్కు మీద వేలేసుకుంది. రమ కళ్లు తుడుచుకుంది. మంచి కబురో చెడ్డ కబురో ఎల్లస్వామికి తెలియలేదు. వెళ్లి కొడుకు ఎదురుగా నిలబడ్డాడు.

నరేశ్ పెదవులు నెమ్మదిగా కదిపాడు. తండ్రికి అందలేదు. ఇంకా పెద్దగా కదిపాడు. చివరికి కాగితం రమకిచ్చి తానే చేతులెత్తాడు. పిడికిలి బిగించి తిప్పాడు.

"మోటరు తిరుగుతాంది బాపు. రాయి మంచిగున్నది. నడుమ బెల్టు లేదు. చెవుల వడ్డ సప్పుడు నరానికి పోతలేదు. బెల్టు ఎట్ల తయారుచెయ్యాల్నో గా ఇగురం ఒంట్ల పుట్టుకతోనే తప్పింది. మంచి ఇగురాన్ని సూదితోటి చెవి లోపటికి పంపుతరు."

ఎల్లస్వామి ముఖం వెలిగింది. "నాకు గూడ గదేనా?"

"గదే కావచ్చు. గని సూది చిన్నపిల్లలకేనట."

పాత గిర్నిని ఎవరు బాగుచేస్తారులే అన్నట్టు ఆయన నవ్వి, ఎప్పుడేస్తారని అడిగాడు. నరేశ్ చేతులు తడబడ్డాయి. బయటి దేశాల్లో కొందరు పిల్లలకి వేశారనీ, వాళ్లకి వినపడుతోందనీ, ఇక్కడికి ఎప్పుడొస్తుందో డాక్టరమ్మే చెప్పలేదనీ, పేరు మాత్రం రాసుకుందనీ, ఈలోగా చెవి మిషను ఆపరేషను గురించి వచ్చే నెల మాట్లాడదామందనీ చెప్పాడు.

బిక్షమ్మ మొగుడి భుజం తట్టి చూపించింది. స్వర్ణ తండ్రి కాళ్ల దగ్గర నిలబడి నోరు తెరుచుకుని చూస్తోంది. చిన్న పిడికిలి బిగించి తిప్పింది. నరేశ్ చేతులు ఆగేసరికి, వాటిని పట్టుకుని తనే ఊపింది.

"ఇప్పుడు సట్టం దప్పింది ఎవరు?" అని బిక్షమ్మ చేతులు కొడుకుని అడిగాయి.

రమ పిల్లని ఎత్తుకుని మెల్లగా ఏదో అంది. అందరూ ఆమె వైపు తిరిగారు. నరేశ్ భార్య మాటలను ఒక్కటీ తగ్గించకుండా తండ్రి కోసం చేతుల్లోకి దించాడు.

"సూది వచ్చినప్పుడు రానీ. గప్పటిదాంక నా బిడ్డ ముచ్చట లేకుంట ఉండది. రేపటి సంది దానికీ, నాకూ మామ చేతుల సదువు చెప్తడు."