పిల్చర్డ్ గురువారాలు

డెంజిల్‌ని పాతిపెట్టి వచ్చిన మూడో నాడు, గురువారం, పొద్దుటి పేపర్లో అతను కూర్చిన పజిల్ వచ్చింది.

గళ్ళ నుడికట్టు కూర్చేవాళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి ఇదేమంత వింత కాదు. వాళ్ళు నెలల ముందే కట్టలకొద్దీ కూర్చి లండన్ పంపేస్తారు. అక్కడి ఎడిటర్ వాటిని సొరుగులో పడేసుకుని వారానికొకటి తీస్తాడు. మనిషి పోయినా సొరుగులో సరుకు పోదు కదా. ఆ గురువారం కూడా వెనక పేజీలో, గళ్ళ నెత్తిన, చిన్న అక్షరాల్లో 'పిల్చర్డ్' అని ఉంది. పిల్చర్డ్ అంటే వాళ్ళ ఊరు న్యూలిన్ రేవులో పడే చిన్న చేప. అదే డెంజిల్ కలంపేరు. "మిగతావాళ్ళంతా దేవుళ్ళ పేర్లూ రాక్షసుల పేర్లూ పెట్టుకున్నారు. మన మొహానికి చేప చాలు," అనేవాడు.

అతని భార్య మోర్వెన్నా ఆ పేరు చూసి టీ కప్పు కింద పెట్టేసింది. పై గదిలో అతని బూట్లు ఇంకా మంచం కిందే ఉన్నాయి. బూట్లు తీయడానికి ధైర్యం చాలని మనిషికి, ఆ బూట్లవాడు పేపర్లోంచి పలకరిస్తే ఎలా ఉంటుంది? ఆమె వంటింటి తలుపు మూసి వచ్చి, పెన్సిల్ తీసుకుంది. మొదటి అడ్డం చదివింది.

వాళ్ళింట్లో గురువారానికి ఒక పద్ధతి ఉండేది. ఏం కూర్చాడో డెంజిల్ ఆమెకి ముందుగా చెప్పేవాడు కాదు, బతిమాలినా చెప్పేవాడు కాదు. అచ్చయిన రోజున పేపరు ఆమె ముందు పరిచి, తను ఎదురుగా కూర్చుని ఆమె మొహం చూసేవాడు. పేపరు వంక కాదు, మొహం వంకే. ఆమె కనుబొమ ముడిపడితే ఏ ఆధారం దగ్గర ఆగిందో అతనికి తెలిసిపోయేది. పెదవి కొరికితే ఇంకో ఆధారం. ఆమెకి ఒళ్ళు మండేది.

"నన్ను చూడకు. గోడ చూడు," అనేది.

"గోడ పజిల్ చెయ్యదే," అనేవాడు.

ఆమెకి చివరిదాకా లొంగనివి రెండో మూడో మిగిలేవి. అప్పుడు వెన్న రాసే కత్తితో పేపరు మీద కొట్టి చూపిస్తూ విడమర్చేవాడు. "ఇదిగో, ఈ వాక్యం పైకి ఒక కథ చెప్తుంది. ఆ కథ నమ్మావా, అయిపోయావే. జవాబుకి అర్థం వాక్యంలో ఒక కొసన ఉంటుంది. మిగతాదంతా ఆ జవాబుని అక్షరమక్షరం పోగుచేసే లెక్క. మధ్యలో ఈ పిల్లి, ఈ గొడుగు, పక్కింటావిడ, వీళ్ళంతా నీ కళ్ళకి గంతలు." పిల్లీ గొడుగూ పక్కింటావిడా మాత్రం ఎప్పుడూ నిజమైనవే. వాళ్ళ కిటికీలోంచి ఆ వారం ఏది కనిపిస్తే అదే అతని వాక్యాల్లోకి ఎక్కేది.

ఇప్పుడు విడమర్చడానికి హెడ్లీ వస్తున్నాడు. హెడ్లీ ఆ వీధిలోనే చాలాకాలం మందులషాపు నడిపి మూసేసిన మనిషి. పెళ్ళీ పెటాకులూ లేవు. పజిల్ కూర్చేవాడికి, అది లండన్ పోయేముందు పూర్తిచేసి తప్పులు పట్టే స్నేహితుడొకడు ఉండాలి. డెంజిల్‌కి అతనే ఆ స్నేహితుడు. సొరుగులో ఉన్నవన్నీ అతని చేతుల మీదుగా పోయినవే. అందుకని ప్రతి గురువారం కుంకుమపువ్వు బన్నులు పొట్లం కట్టించుకుని వచ్చేవాడు. మోర్వెన్నా పజిల్ చేస్తున్నంతసేపూ పొయ్యికి వీపు కాచుకుంటూ బన్నులు తినేవాడు, కిటికీలోంచి సీగల్ పక్షుల్ని తిట్టేవాడు. ఆమె ఎక్కడ ఆగిందో అతనికి పట్టేది కాదు. అడిగితే నోటి నిండా బన్నుతోనే విడమర్చేవాడు.

మొదటి నెలలోనే ఆమె అతన్నొకటి అడిగింది.

"సొరుగులో ఇంకా ఎన్నున్నాయో నాకు చెప్పకు హెడ్లీ. ఆఖరిది వచ్చే ముందురోజు మాత్రం చెప్పు."

"ఎందుకమ్మా, ముందు తెలుసుకుని ఏడవడానికా?"

"ఏడవడానికే అనుకో. ఆయన పోయేటప్పుడు నేను లేను. చేపల వేలం దగ్గర పడిపోయాడని కబురొచ్చేసరికి తలకి రంగేయించుకుంటూ కుర్చీలో ఉన్నాను. ఆ రంగు తలతోనే ఆస్పత్రికి పరిగెత్తాను. అప్పటికే దుప్పటి మొహం మీదకి లాగేశారు. ఒక్క మాట చెప్పలేదు, ఒక్క మాట వినలేదు. ఈసారైనా దగ్గరుండి పంపుతాను. నాకు ముందు తెలియాలి."

"చెప్తాను."

"మాటిచ్చినట్టేనా?"

"ఇచ్చానన్నానుగా," అన్నాడు హెడ్లీ, బన్ను పక్కన పెట్టి.

ఆ శీతాకాలమంతా మోర్వెన్నా గురువారం నుంచి గురువారానికి బతికింది. మిగతా రోజుల్లో ఏం తిన్నదో ఏం కట్టుకున్నదో ఆమెకే తెలియదు. గురువారం మాత్రం తెల్లవారకముందే లేచి, రెండు కప్పులు పెట్టి, పేపరు కుర్రాడి అడుగుల చప్పుడు కోసం గుమ్మం దగ్గర నిలబడేది. డెంజిల్ బతికి ఉన్నప్పుడు కూర్చిన వాక్యాలే అవి. అయినా చలికి రెండు స్వెట్టర్లు తొడుక్కున్న ముసలమ్మ ఒక ఆధారంలో వచ్చిన రోజున ఆమె ఒంటి మీద రెండు స్వెట్టర్లున్నాయి. ఆమె ప్రతి చలికాలం రెండే తొడుక్కుంటుందని డెంజిల్‌కి తెలియకపోతే కదా వింత. ఇది ఆమెకీ తెలుసు. తెలిసి కూడా ఎదుటి కుర్చీ వైపు ఓరగా చూసింది. ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు.

మార్చిలో అసలైన వింత జరిగింది. ఒక నిలువు ఆధారంలో రేవులో పసుపుపచ్చ పడవ, దాని మీద నిద్రపోతున్న నల్లకుక్క కనిపించాయి. మోర్వెన్నా జవాబు రాసేసి తరవాతిదానికి పోబోయి ఆగిపోయింది. న్యూలిన్‌లో పసుపు పడవ ఒక్కటే ఉంది. అది బొలీథో వాళ్ళది. పుట్టినప్పటి నుంచీ అది నీలం పడవ. కిందటి నెలలోనే దానికి పసుపు వేశారు. డెంజిల్ పోయింది సెప్టెంబర్లో.

ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే రేవుకి పోయింది. వాన తుంపర పడుతోంది. పడవ పసుపుగా ఉంది. దాని మీద నల్లకుక్క ముడుచుకుని పడుకుంది. ఆమె గట్టు మీద నిలబడి ఆ కుక్కనే చూస్తూ తడిసింది.

తిరిగొచ్చేసరికి హెడ్లీ గుమ్మంలో ఉన్నాడు.

"ఆయన చూస్తున్నాడు హెడ్లీ."

"ఎవరు?"

"ఎవరేంటి? బొలీథో వాళ్ళు పడవకి పసుపు వెయ్యడం చూశాడు. కుక్కని కూడా చూశాడు."

"లోకంలో ఉన్నది ఒక్క పసుపు పడవేనా తల్లీ?"

"మరి కుక్క?"

"కుక్కలన్నాక పడుకుంటాయి. అంతకన్నా వాటికి రాచకార్యాలేమున్నాయి?" అన్నాడు గానీ నవ్వలేదు. ఆ రోజు బన్ను కూడా తినలేదు.

ఆమె ఎవరి మాటా వినే స్థితిలో లేదు. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. చెప్తే జాలిపడతారు, లేదా పాదిరిగారిని ఇంటికి పంపుతారు. డెంజిల్ ఇంట్లో ఉన్నాడన్న భయం ఆమెకి నిజంగానే ఉంది. మెట్లెక్కుతుంటే వెనక్కి తిరిగి చూసేది. స్నానాల గదికి గడియ పెట్టుకునేది. ఆ భయం లేకుండా మాత్రం ఒక్క పూట కూడా ఉండదలచుకోలేదు. అతని కప్పులో టీ పోసేది, చల్లారాక పారబోసేది, మధ్యలో మాట్లాడేది. "కనిపించవయ్యా, పడవలు చూసేవాడివి నన్ను చూడవా," అని ఒకరోజు కుర్చీతో అంది. తరవాతి గురువారం ఒక అడ్డంలో కొత్త అద్దం వేసిన వంటింటి కిటికీ వచ్చింది. పాత అద్దం జనవరి గాలివానకి పగిలింది. ఆమెకి కళ్ళ వెంట నీళ్ళు కారాయి, సంతోషంతోనే.

ఆ తరవాతి గురువారం ఆమె మరీ ఆత్రంగా పేపరు విప్పింది. హెడ్లీ ఎప్పుడు వచ్చాడో, ఎక్కడ కూర్చున్నాడో చూసుకోలేదు. నాలుగు అడ్డాలు గబగబా పడ్డాయి. అయిదో దాని దగ్గర ఆగింది. కనుబొమ ముడిపడింది.

అప్పుడు తెలిసింది ఆమెకి. ఎదురుగా ఎవరో ఉన్నారు. మొహం మీద చూపు ఆనుతోంది. ఎండ పడ్డట్టు తెలుస్తోంది, బుగ్గ మీద, కనుబొమ మీద. డెంజిల్ పోయినప్పటి నుంచీ ఎన్నడూ తగలని చూపు అది. కుర్చీ చిన్నగా కిర్రుమంది. తల ఎత్తితే మాయమవుతాడేమోనని ఎత్తలేదు. పెదవి కొరికింది. ఎదుటి మనిషి ఊపిరి బిగబట్టడం కూడా ఆమెకి వినిపించింది. ఏం మాట్లాడాలో తెలియక, ఎన్నో ఏళ్ళు అన్న మాటే అంది.

"నన్ను చూడకు. గోడ చూడు."

"సారీ," అంది హెడ్లీ గొంతు.

ఆమె తల ఎత్తింది. హెడ్లీ డెంజిల్ కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నాడు. బన్నుల పొట్లం విప్పలేదు. దొరికిపోయిన దొంగలా ఆమె మొహాన్ని చూస్తున్నాడు. మోర్వెన్నాకి ఆ చూపు ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. తప్పులు పట్టేవాడు అలా చూడడు. కూర్చినవాడే చూస్తాడు.

"ఇది నువ్వు కూర్చావు," అంది.

అతను బన్నుల పొట్లం పక్కకి జరిపాడు.

"కిటికీది?"

"నాదే."

"పడవ?"

"అదే మొదటిది," అన్నాడు హెడ్లీ. "బుద్ధి లేక కిటికీలోంచి కనిపించిందల్లా పెట్టాను. వాడి దగ్గర నేర్చుకున్నది అదేగా."

డెంజిల్ ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. మెట్ల మీంచీ, స్నానాల గదిలోంచీ, ఆ కుర్చీలోంచీ ఒక్కసారిగా వెళ్ళిపోవడం ఆమెకి తెలిసింది. అది తట్టుకోగలదు. తట్టుకోలేనిది దాని వెనకే వచ్చింది.

"అయితే పడవకి ముందు వచ్చింది..."

"అదే వాడి ఆఖరిది."

"నువ్వు మాటిచ్చావు."

"చెప్పాలనే బయల్దేరాను మోర్వెన్నా. ముందురోజు సాయంత్రం నీ గుమ్మం దాకా వచ్చాను. కిటికీలోంచి చూస్తే నువ్వు మర్నాటికని రెండు కప్పులు పెట్టుకుని నీలో నువ్వే మాట్లాడుతున్నావు. ఎంత కులాసాగా ఉన్నావో తెలుసా? ఇది రేపటితో సరి అని ఏ నోటితో చెప్పను? ఆ పై గురువారం నుంచి నువ్వు తింటావా, లేస్తావా అని భయమేసింది. ఎడిటర్‌ని అడిగాను. కొన్నాళ్ళు ఆ పేరు మీదే నడుపు అన్నాడు."

"నన్ను బతికించడానికి నా చేత మళ్ళీ అదే చేయించావు. మళ్ళీ నేను లేకుండానే పోయాడు."

హెడ్లీ చేతుల వంక చూసుకున్నాడు. "పక్కూరు పెన్జాన్స్ లైబ్రరీలో పాత పేపర్లుంటాయి. ఇప్పుడే వెళ్ళి తెస్తాను."

"తెచ్చి ఏం చేసుకోను? జవాబులన్నీ రాసేశాను ఒకసారి. తెలిసినదాన్ని తెలియనట్టు చెయ్యమంటావా?" ఆమె గొంతులోకి కోపం తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. "ఏ రోజది?"

"నేను రాలేదు ఆ వారం. బాయిలర్ పాడయింది, ప్లంబర్ వస్తున్నాడు, నువ్వు రాకు అన్నావు."

ఆ గురువారం ఆమెకి కొంచెం కొంచెంగా వచ్చింది. వంటింట్లో సామానంతా నేల మీద పరిచి ఉంది. కూర్చోడానికి చోటు లేదు. ప్లంబర్ గోడలోకి తల దూర్చి ఏదో విప్పుతున్నాడు. ఆమె నిలబడే, ఫ్రిజ్ మీద పేపరు ఆనించి, ఒక కన్ను ప్లంబర్ మీదా ఒక కన్ను గళ్ళ మీదా పెట్టి పూర్తిచేసింది. ఆ తరవాత నూనె మరకలు పడకుండా అదే పేపరు అతని కాళ్ళ కింద వేసింది. డెంజిల్‌ని ఆమె అలా సాగనంపింది.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నవ్వాను హెడ్లీ. మధ్యలో ఒకదాని దగ్గర పకపకా నవ్వాను. ప్లంబర్ తల బయటికి పెట్టి, ఏంటండీ, నా పని అంత బాగుందా అన్నాడు. నీ పని కాదులే నాయనా అన్నాను. మరేంటన్నాడు. ఏం లేదన్నాను." ఆమె ఆగింది. "ఆయన పోయాక నేను నవ్వింది ఆ ఒక్కసారే. దేనికి నవ్వానో గుర్తు రావడం లేదు."

హెడ్లీ ఆ పజిల్‌ని రెండుసార్లు పరీక్షించిన మనిషి. అందులో ఏ గడిలో ఏముందో అతనికి కంఠతా వచ్చు. చటుక్కున మొహం వెలిగింది.

"నాకు తెలుసు ఏదో. నేనూ అక్కడే నవ్వాను. పంతొమ్మిది నిలువు. చూడు, అందులో ఏం చేశాడంటే..."

"వద్దు," అంది మోర్వెన్నా. "విడమర్చకు."

ఆమె కళ్ళు మూసుకుని, ఫ్రిజ్ పక్కన నిలబడి నవ్విన ఆ నిమిషంలో తన కళ్ళు ఏ గడి మీద ఉన్నాయో వెతుక్కుంటూ చాలాసేపు కూర్చుంది.