పదకొండో పేరు

“ఉల్లిగడ్డలు సన్నగ తరుగు చాందీ, మేడంకు పెద్ద ముక్కలు నచ్చయి,” అని చెప్పి, హెడ్మాస్టర్ గారి బ్యాగు భుజాన వేసుకుని బలరాం అడవి గేటు దాటి వెళ్ళిపోయాడు. అతనితో కలిపి స్కూలు స్టాఫు, వాళ్ళ పిల్లలు పదిమంది. పదకొండో మనిషి చాంది, వ్యాన్ వెనక చాకు పట్టుకుని నిలబడి, దేవదారు చెట్ల మధ్య వాళ్ళ స్వెట్టర్లు ఒక్కొక్కటే మాయమవడం చూసింది. టైము పదిన్నర.

పినపాక నుంచి బస్సు, రైలు, మళ్ళీ వ్యాన్. నాలుగు రోజుల ప్రయాణం. గేటు నుంచి సరస్సుకు రెండు కిలోమీటర్ల ఎక్కుడు. కొండ నెత్తిన మంచు కరిగి నిండిన నీళ్ళు, చుట్టూ గొడ్డలి పడని పాత అడవి. బలరాం ఫోన్‌లో ఆ నీళ్ళ ఫోటో చూపించిన రోజు నుంచి చాందికి వేరే ధ్యాస లేదు. అంగన్‌వాడీలో గుడ్లు ఉడకబెడుతూ పిల్లలకు ఆ కథే చెప్పేది.

నిన్న సాయంత్రం హోటల్లో బలరాం అసలు సంగతి బయటపెట్టాడు.

“ఒక్క బ్యాచ్‌కు పదిమందినే పోనిస్తరంట. మనం పదకొండు. డ్రైవర్, వంటమనిషి లెక్కల రారు. అందుకే నిన్ను గట్ల రాసిన.”

“ఎట్ల?”

“ఊకె కాయితం మీదనే. గేటు కాడ ఉండి వంట చేస్తే అయిపాయె. వాళ్ళంటే ఎన్నడు చూడనోళ్ళు. నువ్వు తండాల పుట్టినదానివి. నీకు అడవి కొత్తనా, గుట్టలు కొత్తనా?”

ఉల్లిగడ్డ తరుగుతుంటే ఆ మాటే చాకు కింద పడి నలుగుతోంది. తండాలో పుట్టినందుకు అడవి చూడనక్కర్లేదట. మరి అతను? పక్క తండాలోనే పుట్టాడు కదా. అతనికి అడవి ఎప్పుడు కొత్తదైంది? నలుగురిలో ఉన్నప్పుడు తనతో లంబాడీలో మాట్లాడడు. అన్నదమ్ములు ఫోన్ చేస్తే ఇంటి బయటికి పోయి మాట్లాడి వస్తాడు. పదహారేళ్ళ క్రితం హెడ్మాస్టర్ గారి భార్య నిర్మలాదేవి ఒకసారి ఇంటికి వచ్చి, “మీ ఆవిడ చేతి వంట భలే ఉంటుంది బలరాం” అంది. అంతే. స్టాఫ్‌లో ఎవరి పుట్టినరోజైనా, ఎవరి రిటైర్మెంటైనా గిన్నెలు చాంది ఇంట్లోనే పొయ్యెక్కేవి. “నా ఇజ్జత్ నీ చేతుల ఉంది” అనేవాడు బలరాం. ఆ మాటకు మురిసిపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఈ ప్రయాణంలోనూ నాలుగు రోజులుగా పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, రాత్రి చారు. అందరూ కిటికీల్లోంచి కొండలు చూస్తుంటే తను చింతపండు నానబెట్టింది. అవన్నీ సహించింది. ఎందుకంటే చివర సరస్సు ఉంది.

చెక్‌పోస్టులో ఖాకీ చీర కట్టిన గార్డు పిలిచింది. తన ఈడుదే. చలికి పగిలిన బుగ్గలు. బల్ల మీద రిజిస్టరు తెరిచి, ఇంకు ప్యాడ్ ముందుకు తోసింది, వేలిముద్ర కోసం. లిస్టులో బలరాం చేతిరాత. పదిమంది పేర్లు, కింద గీత, గీత కింద డ్రైవర్ పేరు, దాని కింద ‘చాంది, వంటమనిషి’.

“నీ మాలిక్ ఎవరు? బలరామేనా?” అని హిందీలో అడిగింది గార్డు.

యజమాని అనే ఆ మాటకు చాంది “హా” అంది. ప్యాడ్ పక్కకు జరిపి, పెన్ను అందుకుని సంతకం చేసింది. అంగన్‌వాడీ రిజిస్టర్లు నింపీ నింపీ తిరిగిన చెయ్యి. గార్డు సంతకాన్ని చూసింది, మనిషిని చూసింది.

చాంది అక్కడి నుంచి కదల్లేదు. ఎందుకంటే అప్పుడే వేరే బ్యాచ్ ముసలాయన ఆయాసంతో వెనక్కి వచ్చాడు. గార్డు అతని పేరు పక్కన టిక్కు పెట్టి, బయట ఎదురుచూస్తున్న వాళ్ళ అమ్మాయిని లోపలికి వదిలింది. ముసలాయన చేత సంతకం పెట్టించుకుని కింది ఊరికి పంపేసింది. ఒకరు బయటికొస్తే ఒకరు లోపలికి. పన్నెండు దాకానే. లంబాడీకి హిందీ దగ్గర చుట్టమే కాబట్టి ప్రతి మాటా చాందికి అర్థమైంది.

కానీ తన వాళ్ళలో ఎవరు దిగొస్తారు?

పదకొండు ముప్పావుకు బలరాం పరుగెత్తుకుంటూ వచ్చాడు. “మేడం శాలువా వ్యాన్‌ల మర్చిపోయింది. చలికి వణుకుతుంది. సార్ తెమ్మన్నడు, జల్ది తియ్యి.”

గార్డు అతని పేరు పక్కన టిక్కు పెట్టింది.

చాంది శాలువా తెచ్చింది. బలరాం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. “నేనిచ్చొస్త. నువ్వు దిగినవ్ గద, ఒక జాగా ఖాళీ అయింది.”

“పిచ్చి లేసిందా? వంటెవరు చూస్తరు?”

“కుక్కర్ రెండు కూతలేసింది. ఇంకొకటి కాంగనే దించు.”

బలరాం నవ్వాడు, గార్డు వైపు చూస్తూ. ఇంట్లో మాట వినని పనిమనిషి గురించి పరాయివాళ్ళ ముందు నవ్వే నవ్వు. చాంది గార్డుతో తనకు వచ్చిన హిందీలో చెప్పింది, ఈయన జాగాలో నేను పోతాను అని. గార్డు గడియారం చూసి రిజిస్టరు బలరాం వైపు తిప్పింది. జాగా వదులుకుంటున్నట్టు అతనే సంతకం పెట్టాలి.

“నేను పెట్ట,” అని బలరాం చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

పదకొండు యాభై.

గేటు పక్కన బోర్డుంది. తప్పుడు వివరాలు ఇస్తే బ్యాచ్ మొత్తాన్ని దించేస్తామని రాసి ఉంది. పొద్దున బలరామే పైకి చదివి, “ఎవడు చూస్తడు తియ్” అన్నాడు. చాంది అతనికి దగ్గరగా జరిగింది. తెలుగులో, గొంతు పెంచకుండా చెప్పింది.

“నువ్వు పెట్టకుంటే ఈమెకు ఒక్కటే మాట చెప్త. నేను వంటమనిషిని కాదు, ఈయన పెండ్లాన్ని అని. విజిల్ ఏసి అందర్ని దించుతది. అప్పుడు సార్‌కు నువ్వే జవాబు చెప్పుకో.”

బలరాం బోర్డు వైపు చూశాడు. “నువ్వు చెప్పవ్,” అన్నాడు.

నిజానికి చెప్తుందో లేదో చాందికే తెలియదు. పైన పిల్లలున్నారు. అంత దూరం వచ్చి ఏడుస్తూ దిగుతారు. కానీ ఆ తటపటాయింపు అతనికి కనపడకూడదు. ఆమె గార్డు వైపు తిరిగి, “దీదీ...” అని మొదలుపెట్టింది.

బలరాం పెన్ను లాక్కున్నాడు. సంతకం కాగితం చిరిగేంత గట్టిగా పడింది.

గార్డు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. గేటు దగ్గర డ్రైవరూ, వంటమనిషీ తప్ప వేరేవాళ్ళు ఉండకూడదు. వంటమనిషిగా ఉండకుంటే అతను కింది ఊరిదాకా నడిచి పోవాలి, అంది. తనే లిస్టు దగ్గరికి లాక్కుని చాంది పేరు కొట్టేసి పైన పదిమందిలో రాసింది. గీత కింద ఖాళీలో బలరాం పేరు రాసింది. “వంట వచ్చా?” అని అడిగింది అతన్ని.

బలరాం కుక్కర్ వైపు చూశాడు.

“నేర్చుకుంటడు,” అంది చాంది.

పన్నెండుకు మూడు నిమిషాలుండగా గేటు దాటింది. వెనక కుక్కర్ మూడో కూత వేసింది. తిరిగి చూడాలని మెడ దానంతటదే లాగింది. బిగబట్టుకుని నడిచింది. గాలి ఊపిరికి అందడం లేదు. పది అడుగులకొకసారి ఆగుతూ, చెట్ల మానుల్ని పట్టుకుంటూ ఎక్కింది. ఒక్కో మాను నలుగురు చేతులు కలిపినా అందనంత ఉంది. ఇలాంటి అడవి తనకూ కొత్తే. ఏడుపొచ్చేంత కొత్త.

చివరి మలుపు తిరిగాక నీళ్ళు కనిపించాయి. ఫోటోలోని రంగు కాదు. దానికి తన భాషలోనూ, తెలుగులోనూ పేరు లేదు. అవతలి ఒడ్డున మంచు నేరుగా నీళ్ళలోకి దిగుతోంది.

“బలరాం ఏడమ్మా? నువ్వొచ్చినవేంది?” హెడ్మాస్టర్ వెంకటనారాయణ లేచి నిలబడ్డాడు.

“కింద వంట కాడ ఉన్నడు సార్.”

“బలరామా? వానికి పొయ్యి ముట్టియ్యనన్నా వస్తదా?” అంటూ నవ్వబోయి, చాంది నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు.

నిర్మలాదేవి శాలువా అందుకుంది. కప్పుకోకుండా చేతుల్లోనే పట్టుకుని మెల్లగా అంది. “పదిమందికే పర్మిషన్ అన్నప్పుడు అందరం నేలచూపులు చూశాం చాందీ. మీ ఆయన నీ పేరు చెప్పేసరికి హమ్మయ్య అనుకున్నాను. నిజం చెబుతున్నా.”

చాంది నీళ్ళ వైపు చూస్తూనే ఒక బండ మీద కూర్చుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది.

“ఇట్లనే పదిమందినే పోనిచ్చే జాగలు ఇంక రెండు ఉన్నయంట గద మేడం,” అంది. “రేపు గేటు కాడ ఎవరాగుతరో సార్లందర్ని ఇయ్యాల్నే మాట్లాడుకోమనుండ్రి. నేనైతే ఆగ.”