యాభై దాటినవాళ్లకు ఈజీ మాత్రమే

గౌరీబాయి మొదటిసారి నడక కోసం నడిచింది, నలభై మందికి ఉప్మా వండడానికి పాలేరు వెళ్లిన రోజున.

ఆమె కొడుకు చరణ్ కోదాడలో సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాడు. ఆదివారాలు జనాన్ని గుట్టలకూ చెరువులకూ నడకకు తీసుకెళ్లే బృందమొకటి మొదలుపెట్టాడు. సూర్యాపేటలో జిమ్ నడిపే వీరేందర్ అతనికి జోడీ. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, కాలేజీ పిల్లలు డబ్బు కట్టి వచ్చేవాళ్లు. ఏ దారి ఎంత కష్టమో ఇద్దరూ కలిసి ముందే తేల్చి పెట్టారు. పాలేరు రిజర్వాయరు కట్ట మీద నడక ఈజీ. ఉండ్రుగొండ గుట్టకు మెట్ల దారి మీడియం. అదే గుట్టకు వెనక నుంచి బండల మీదుగా ఎక్కే దారి హార్డ్. సూర్యలంక సముద్ర తీరం వెంట ఇసుకలో ఆరు కిలోమీటర్లు పోయి, ఆరు కిలోమీటర్లు తిరిగి రావడం కూడా హార్డే.

కోదాడ పక్కన అనంతగిరి మండలంలోని తమ తండా బడిలో గౌరీబాయి పదహారేళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతోంది. నలభై మందికి టిఫిన్ చేయడం ఆమెకు లెక్కలోది కాదు. కొడుకు అడిగితే వెళ్లింది. ఆ రోజు గంజులు కడిగి బోర్లించాక వ్యాను బయల్దేరడానికి ఇంకా రెండు గంటలుంది. కూర్చుంటే తోచక ఆమె కూడా కట్ట మీదికెక్కి వాళ్ల వెనకే నడవడం మొదలుపెట్టింది.

కొంతదూరం పోయాక ఒక విచిత్రం గమనించింది. తన కుడిచెయ్యి మాటిమాటికీ నెత్తి మీదికి పోతోంది. అక్కడ ఏమీ లేదు. కట్టెల మోపు లేదు, నీళ్ల బిందె లేదు, గడ్డి మూట లేదు. యాభై ఆరేళ్ల బతుకులో ఇంత దూరం ఏదో ఒకటి మోయకుండా ఎన్నడూ నడవలేదని ఆమెకు అప్పుడు తట్టింది. చెయ్యి దించుకుని నీళ్లవైపు చూసింది. ఒడ్డున కొంగలు, అవతల చేపలవాళ్ల గుండ్రటి పుట్టి ఒకటి, గాలికి లేస్తున్న చిన్న చిన్న అలలు. ఎవరూ ఏమీ తెమ్మనలేదు. ఎక్కడికీ చేరాల్సిన పని లేదు. ఐదు కిలోమీటర్లు నడిచి వచ్చి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వ్యానులో కూర్చుంది. ఒళ్లంతా తేలిగ్గా ఉంది.

ఆ తర్వాత వంట అయిపోగానే నడవడం ఆమెకు అలవాటైంది. ఉండ్రుగొండ మెట్ల దారి కూడా ఎక్కింది. తండాలో ఆడవాళ్లు నవ్వారు. కట్టెలు తేనప్పుడు, మేకలు కాయనప్పుడు గుట్ట మీద నీకేం పని అన్నారు. భర్త దేవ్‌సింగ్ ఎడ్లకు మేత వేస్తూ అదే మాట అడిగాడు. పని లేకనే పోతున్నానని చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, మోకాలు నొప్పి పెడితే మాత్రం రాత్రి తనను లేపొద్దన్నాడు.

మిర్యాలగూడ నుంచి వచ్చే స్వరూపతో ఆమెకు బాగా కలిసింది. స్వరూప ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. ముప్పై దాటిందేమో, మాట్లాడుతూ నడిచే మనిషి. దసరా వెళ్లిన వారం ఆమె ఫోన్ చేసి, బృందం వాట్సాప్ గ్రూపులో కొత్తగా పెట్టిన రూల్ చూశావా అని అడిగింది. గౌరీబాయికి చదువు రాదు. స్వరూపే చదివి వినిపించింది. వచ్చే ఆదివారం ఉండ్రుగొండ వెనకదారి. యాభై దాటినవాళ్లకు ఈజీ మాత్రమే. మీడియం, హార్డ్ దారులకు అనుమతి లేదు.

బృందంలో యాభై దాటినవాళ్లు ఇద్దరే. ఒకాయన రిటైరైన తాసిల్దారు, ఆయన కట్ట దాటి ఎప్పుడూ రాడు. రెండో మనిషి గౌరీబాయి.

ఆ సాయంత్రం చరణ్ ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఆమె అడిగింది. రూల్ పెట్టింది వీరేందర్ అని అతను చెప్పాడు. ఎవరికైనా ఏదైనా అయితే బాధ్యత తమదేనని, జనం తమ మీద పడతారని, వీరేందర్ చెప్పిందీ నిజమేనని నచ్చజెప్పబోయాడు. ఆమె వింటూ ఊరుకుంది. ఊరుకోవడం చూసి అతను అసలు మాట కూడా అనేశాడు.

“వాళ్లు కస్టమర్లు యాడీ. వంటకొచ్చిన మనిషి వాళ్లతోటి సమానంగ ఎక్కుతుంటే బాగుండదంటున్నడు వీరేందరన్న.”

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ మాట పక్కనే వంట మనిషి అన్న మాట కూడా అదే నోటి నుంచి వచ్చింది. అన్నాక చరణ్ మొహం తుడుచుకుంటూ తువ్వాలు చాలాసేపు దించలేదు.

గౌరీబాయి కోప్పడలేదు. ఆదివారం వంటకు వేరే మనిషిని చూసుకొమ్మంది, అంతే.

ఆ వెనకదారి ఆమెకు తెలియనిది కాదు. ఆమె పుట్టింది ఆ గుట్ట కిందున్న తండాలోనే. పెళ్లయ్యేదాకా, అంటే పదిహేడేళ్లు వచ్చేదాకా, ఆ బండల మీద నుంచే కట్టెల మోపుతో దిగేది. సీతాఫలాల కాలంలో గంపతో దిగేది. చెప్పులుండేవి కావు. అప్పుడు ఆ దారికి ఎవరూ పేరు పెట్టలేదు, వయసు అడగలేదు.

ఆదివారం తెల్లవారగానే కోదాడలో బస్సెక్కి, హైవే మీద గుట్ట దగ్గరి స్టేజీలో దిగి, కాలిబాటన వెనకదారి మొదలుకు చేరింది. ఆమె వెళ్లేసరికి వ్యాను వచ్చి ఉంది. వీరేందర్ అందరిచేత చేతులు కాళ్లు ఆడించే కసరత్తులు చేయిస్తున్నాడు. ఆమెను చూసి ఎదురొచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు.

“అమ్మా, ఎండ ముదురుతది. మీరు వ్యాన్‌ల కూసోండ్రి. గీ దారి హార్డ్.”

“హార్డే బిడ్డా. నువ్వు రాసింది తప్పని నేనంటలేను.”

“మరి రూల్ పెట్టినం కదా.”

“హార్డ్ అని రాసినవ్, మంచిదే, తెలుస్తది. నాకు వద్దని ఎట్ల రాసినవ్? నన్ను అడిగినవా?”

వీరేందర్ చరణ్ వైపు చూశాడు. చరణ్ తాడు చుట్ట విప్పుతూ తల ఎత్తలేదు. ఇరవై మంది నిలబడి చూస్తున్నారు. గుట్ట మీ జిమ్ కాదని, బృందంతో రావద్దంటే రానని, తన దారిన తాను ఎక్కుతానని గౌరీబాయి చెప్పింది. చీర కుచ్చిళ్లు ఎత్తి నడుముకు దోపుకుని, నీళ్ల సీసా చంకన వేసుకుని కదిలింది.

మొదటి అరగంట బాగానే సాగింది. బృందం ఆమెను దాటుకుని వెళ్లిపోయింది. దాటేటప్పుడు కొందరు నవ్వారు, కొందరు చూపు తిప్పుకున్నారు. స్వరూప ఆగబోతే వద్దని ఆమే పంపేసింది. తర్వాత పెద్ద బండ వచ్చింది. రెండు తాటిచెట్ల ఎత్తు, ఏటవాలు, వానలకు నల్లబడి నున్నగా ఉంది. బృందం తాడు కట్టుకుని ఎక్కి, తాడు తీసుకుని పోయింది.

ఇక్కడే ఆమె అనుకున్నది తలకిందులైంది. కాళ్లకు దారి గుర్తుంటుందని అనుకుంది. కాళ్లకు గుర్తే ఉంది. ఎడమన పగులు, దాని మీద వేలంత గట్టు, ఆ పైన కుడికి జరగడం, అన్నీ గుర్తున్నాయి. కానీ గట్టు మీద పాదం పెట్టి బరువు మోపగానే మోకాలు వణికింది. సగం ఎత్తులో బండను కరుచుకుని ఆగిపోయింది. కిందికి చూస్తే కళ్లు తిరిగాయి. పదిహేడేళ్ల పిల్ల ఇక్కడ పాట పాడుకుంటూ దిగేదంటే ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. ఏడుపొచ్చింది. భయం కొంత, కోపం ఎక్కువ. వీరేందర్ మీద, కొడుకు మీద, అన్నిటికన్నా తన మోకాలి మీద.

ఏడుపు ఆగాక చెప్పులు విప్పి కొంగులో కట్టుకుంది. నిలబడి ఎక్కలేనని తేలిపోయింది కాబట్టి, బండకు వీపు ఆనించి కూర్చుంది. అరచేతులు వెనక్కి మోపి, మడమలతో తన్నుకుంటూ, జానెడు జానెడు పైకి జరిగింది. చూసేవాళ్లకు నవ్వొచ్చే ఎక్కుడే అది. చీర వెనక చిరిగింది, చెయ్యి దోక్కుపోయింది. పావుగంటలో ఎక్కాల్సిన బండ ఆమెకు ముప్పావుగంట పట్టింది.

శిఖరం మీదికి చేరేసరికి బృందం ఫోటోలు దిగి, మెట్ల దారిన కిందికి వెళ్లిపోయింది. పాత కోట గోడ నీడన స్వరూప ఒక్కతే కూర్చుని ఉంది. సంచిలోంచి రెండు జామకాయలు తీసి పెట్టింది. గౌరీబాయి తినలేదు, ముందు చూసింది. దూరాన హైవే మీద లారీలు చీమల్లా పోతున్నాయి. ఇటువైపు చెట్ల మధ్య ఆమె పుట్టిన తండా. చిన్నప్పుడు ఎన్నిసార్లు ఇక్కడికొచ్చినా మోపు కట్టుకుని చీకటి పడకముందు దిగాలన్న తొందరే తప్ప ఇలా నిలబడి చూసింది లేదు. చాలాసేపు నిలబడింది. కిందికి పోదామా అని స్వరూప రెండుసార్లు అడిగింది.

మెట్ల దారిన దిగేసరికి వ్యాను లేదు. బస్సెక్కుతానని స్వరూప హైవే వైపు వెళ్లిపోయింది. చరణ్ మాత్రం బైకు దగ్గర నిలబడి ఉన్నాడు. తల్లి చిరిగిన చీర, చేతి మీద గీసుకుపోయిన చర్మం చూశాడు.

“పడితే ఏం చేసేదానివి యాడీ?”

“పడ్డా అని చెప్పేదాన్ని. నిరుడు మీ నాయన పొలం ఒడ్డు మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుండు. యాభై దాటినోళ్లు పొలం పోవద్దని ఎవడన్న రాసిండా?”

అతను బైకు తాళం తీసి చేతిలో తిప్పాడు.

“నేను వంట మనిషినే. బడిల గూడ వంట మనిషినే. దానికి నాకు సిగ్గు లేదు. నీకుంటే నువ్వు సూసుకో. ఇసుకల నడుసుడు ఎప్పుడు పెట్టిన్రు?”

జనవరిలో అని అతను చెప్పాడు. తాను వస్తున్నానని, వాళ్ల వ్యానులో కాకుంటే రైల్లో వస్తానని, ఎవరినీ అడగబోవడం లేదని ఆమె చెప్పి బైకెక్కి కూర్చుంది. దారిలో మునగాల దగ్గర ఒక మందుల షాపు ముందు బండి ఆపి, చరణ్ ఆమె చేతికి మందు పూయించాడు. పూస్తున్నంతసేపూ ఆమె చేతిని తన చేతిలోనే పట్టుకున్నాడు. ఆ రాత్రే గ్రూపులో రూల్ తీసేశాడు. దాని బదులు ఒక్కో దారి గురించి ఉన్నదున్నట్టు రాశాడు. ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ బండ, ఎంత ఎండ, ఎక్కడ నీళ్లు దొరకవు. చదివి ఎవరికి వాళ్లే తేల్చుకోండి అన్నాడు.

వీరేందర్ ఊరుకోలేదు. ఇది తల్లి కోసం నడిపే బృందమని గ్రూపులోనే అన్నాడు. సగం మందిని తీసుకుని వేరు పడ్డాడు. చరణ్ చాలా రోజులు దిగులుగా తిరిగాడు. నీ వల్లనే అని ఒకసారి తల్లిని అననే అన్నాడు. అవును, తన వల్లనేనని ఆమె ఒప్పుకుంది. తప్పయిందని మాత్రం అనలేదు.

సూర్యలంకకు తొమ్మిది మందే వచ్చారు. సముద్రం ఒడ్డున పొద్దు పొడవగానే నడక మొదలైంది. తడి ఇసుకలో అడుగు నిలుస్తుంది గానీ అల వచ్చి తోస్తుంది. పొడి ఇసుకలో నడుద్దామంటే పాదం దిగబడుతుంది. గుట్టయితే ఎక్కిన కొద్దీ తరుగుతుంది, ఇది ఎంత నడిచినా అలాగే ఉంది. ఆరు కిలోమీటర్లు పోవడానికే గౌరీబాయికి రెండున్నర గంటలు పట్టింది. తిరుగు దారిలో మరో మూడు నడిచాక మోకాలు వాచిపోయి వంగనని మొరాయించింది.

వలలు వేసుకుని ఒక ట్రాక్టరు సూర్యలంక వైపే పోతోంది. నడిపేవాడు ఏసుబాబు అట. చరణ్ ఆపి అడిగితే ఎక్కమన్నాడు. చరణ్ తల్లి వైపు చూశాడు కానీ ఎక్కమని అనలేదు. అనకుండా ఉండటానికి అతను పడ్డ అవస్థ స్వరూపకు కూడా కనిపించింది.

గౌరీబాయి మోకాలు పట్టుకుని కాసేపు నిలబడింది. వీరేందర్‌కు ఈ సంగతి చేరుతుందని ఆమెకు తెలుసు. చెప్పానా అంటాడనీ తెలుసు.

“ఎక్కుత. నన్ను ఎవరు ఎక్కిచ్చలే, నేనే ఎక్కుతున్న. గట్లనే చెప్పుండ్రి అందరికి,” అని వలల మీదికి చేరి కూర్చుంది.

దారిలో ఏసుబాబు వెనక్కి తిరిగి, ఇక్కడ ఏమైనా పారేసుకున్నారా పిన్నిగారూ, వెతుక్కుంటున్నారా అని అడిగాడు. ఏమీ పారేసుకోలేదని, ఊరికే నడవడానికి వచ్చానని చెప్పింది. అతనికి అర్థమైనట్టు లేదు. ఆమె మళ్లీ చెప్పలేదు. ఎక్కిన చోట ఒడ్డున ఒక విరిగిన పడవ ఉంది. వెనక్కి తిరిగి దాన్ని బాగా గుర్తు పెట్టుకుంది.

నెల తిరిగాక, మోకాలి వాపు తగ్గాక, ఆమె స్వరూపను తోడు తీసుకుని మళ్లీ వచ్చింది. ఈసారి బృందం లేదు, చరణ్ లేడు. అదే ఏసుబాబును వెతికి పట్టుకుని, విరిగిన పడవ దాకా ట్రాక్టరు మీద తీసుకెళ్లమంది. అక్కడ దిగి, చీర ఎగదోపుకుని, మిగిలిపోయిన మూడు కిలోమీటర్లు నడవడం మొదలుపెట్టింది. ట్రాక్టరు కాసేపు ఆమె పక్కనే నిదానంగా వచ్చింది. వద్దు, నువ్వు పోరా నాయనా అని చేత్తో సైగ చేసింది. అతను నవ్వి ముందుకు వెళ్లిపోయాడు. చక్రాల జాడల్లో ఇసుక కాస్త గట్టిపడి ఉంది. అందులో నడవొచ్చని స్వరూప చెబితే, ఆమె అక్కర్లేదని పక్కకు జరిగి, అల తాకే చోట నుంచే నడిచింది.