మూడు రోజులు ఆగిన కవరు

పరంజ్యోతి ముద్ర కొట్టి, తేదీ వేసి, దరఖాస్తును ఎడమ పక్క దొంతరలోకి జరిపింది. వేళ్ల కొసలకు ఊదా సిరా మరకలయ్యాయి. నంద్యాల డిగ్రీ కాలేజీలో ఆ రోజుతో ప్రవేశాలు ఆఖరు. కిటికీ బయట వరుస సైకిలు స్టాండు దాకా సాగింది. అది 1984 జూన్.

ఆమెకు నలభై మూడేళ్లు. సన్నటి మనిషి. కళ్లద్దాల కాడ విరిగితే దారం చుట్టుకుంది. పెళ్లి చేసుకోలేదు. ఇరవై ఏళ్లుగా ఆళ్లగడ్డ నుంచి పొద్దుటి బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోతోంది.

మహానంది దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక రైతు తన కూతురి దరఖాస్తు అందించి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"టీసీ ఇంకా ఇయ్యలేదమ్మా. బిడ్డ సీటు పోతాదేమో."

"పోదులేన్నా. దరఖాస్తు ఈ పొద్దు తేదీతోనే తీసుకుంటాండా. టీసీ సోమవారం తెచ్చియ్యి."

పాఠాలు చెప్పేది కాలేజీ. పరీక్షలు పెట్టేదీ, పట్టా ఇచ్చేదీ తిరుపతి విశ్వవిద్యాలయం. ఆ రెండింటి మధ్య తిరిగే ప్రతి కాగితమూ పరంజ్యోతి చేతి మీదుగానే పోతుంది. ఏ ఒక్కటీ ఆమె మర్నాటికి ఆపదు. ప్రిన్సిపాలు దాన్ని శ్రద్ధ అనుకుంటాడు.

పన్నెండేళ్ల కిందట ఆమె ఒక కవరు ఆపింది.

చెల్లెలు లూదియా అప్పుడే ఇక్కడ బి.ఎ. ముగించి, తిరుపతిలో ఎం.ఎ.కు దరఖాస్తు పెట్టింది. అక్క ఉందన్న ధీమాతో కాలేజీ చిరునామానే ఇచ్చింది. ఇంటర్వ్యూ కార్డు మంగళవారం వచ్చింది. ఇంటర్వ్యూ శుక్రవారం. ఇంట్లో తల్లి ఎస్తేరమ్మ పక్షవాతంతో మంచం మీద ఉంది. లూదియా పోతే పగలు తల్లిని చూసేదెవరు? ఉద్యోగం మానితే తినేదేమిటి? రేపిద్దాం, రేపిద్దాం అనుకుంటూ పరంజ్యోతి ఆ కవరును సొరుగులోనే ఉంచింది. శుక్రవారం సాయంత్రం ఇంటికి తీసుకుపోయి ఇచ్చింది. లూదియా చదువుకుని, "సర్లేక్కా" అని పొయ్యి ముట్టించింది. తర్వాత వీధి చివరి బడిలో పంతులమ్మగా చేరింది. మధ్యాహ్నం గంట కొట్టగానే ఇంటికొచ్చి తల్లిని పక్కకు ఒత్తిగిలించి, గంజి తాగించి పోయేది.

తల్లి పోయి ఏడాదయింది. ముప్పై మూడేళ్ల వయసులో లూదియా మళ్లీ దరఖాస్తు పెట్టింది, అనంతపురానికి. ఈసారి కార్డు బడి చిరునామాకు తెప్పించుకుంది. పరంజ్యోతి అది గమనించింది. సీటు వచ్చింది, ఈ సాయంత్రమే ప్రయాణం.

నాలుగింటికి లూదియా రేకుపెట్టెతో ఆఫీసుకు వచ్చింది. ఇద్దరూ బస్టాండుకు నడిచి, బెంచీ మీద కూర్చున్నారు. ఈ మాట ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎన్నటికీ చెప్పలేననిపించింది పరంజ్యోతికి.

"లూదియా, ఆ తిరుపతి కార్డు..."

"మంగళవారమే వచ్చింది. కవరు మీద నంద్యాల పోస్టు ముద్దరుంది గదక్కా. తేదీ అప్పుడే చూసినా."

పరంజ్యోతి చెల్లెలి వైపు తిరిగింది. "మరి ఎందుకడగలేదే?"

"అడిగినాంక ఒకే ఇంట్లో ఎట్లుండేది? అమ్మను వదిలి యాడికి పోయేది?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని పరంజ్యోతికి అనిపించింది. తాను దాచానని కుమిలిన పన్నెండేళ్లూ, చెల్లెలు తెలిసి కూడా తెలియనట్టు అన్నం వడ్డించిన పన్నెండేళ్లూ ఒకటే.

బస్సు వచ్చింది. రేకుపెట్టెను ఇద్దరూ చెరో పక్కా పట్టి ఎక్కించారు.

"సెలవులకు వస్తావా?"

లూదియా కిటికీలోంచి అక్క చేతిని ఒకసారి నొక్కి వదిలింది. "చూస్తాలేక్కా. తొందరగా ఇంటికి పో. నీ బస్సు తప్పిపోతాది."

బస్సు బనగానపల్లె దారి పట్టి కనుమరుగయ్యేదాకా పరంజ్యోతి నిలబడే ఉంది. ఆ తర్వాత తన సంచీ కోసం వెనక్కి తిరిగింది. బెంచీ మీద, అక్క చీరకు దుమ్ము అంటకూడదని లూదియా పరిచిన తెల్లటి చేతిగుడ్డ ముడతలు పడి ఉంది.